చప్పట్ల బరువు

ఆటను ఆడుట ఒక విద్య. ఆటను చూచుట మరియొక విద్య. మొదటి దానికి గురువులు కలరు, శిక్షణాలయములు కలవు, నిత్యాభ్యాసము కలదు. రెండవ దానిని నేర్పువారు లేరు. టిక్కెట్టు కొన్న ప్రతివాడును దానిని పుట్టుకతోనే నేర్చివచ్చినట్లు భావించును. ఈ రెండవ విద్య కొరవడినచోట ఆడువారికి ఎట్టి క్లేశము కలుగునో తెలిసికొనుటకు ఇంగ్లండునందలి వింబుల్డన్ పచ్చికకంటె తగిన చోటు లేదు. అందును ఆ దేశపు యువతి యొకతె రాకెట్టు చేతబట్టి అచ్చటి సెంటరు కోర్టులో అడుగిడు గడియకంటె తగిన సమయము లేదు.

ఏటేట జూన్ చివరనో జూలై మొదటనో ఆరంభమై రెండు వారములు సాగు ఆ పోటీలను చూచుటకు జనులు తెల్లవారక మునుపే బారులు తీరుదురు. సెంటరు కోర్టులో సుమారు 15,000 మంది కూర్చుండ వచ్చును. లోపల చోటు దొరకనివారు వెలుపలి గడ్డిదిబ్బపై చేరి పెద్ద తెరపై ఆటను చూతురు. విదేశీయు లిద్దరు తలపడునపుడు ఈ జనసమూహము మర్యాద తెలిసిన సభవలె మెలగును. బంతి పోవు దిక్కునకు తలలు త్రిప్పుచు, మంచి దెబ్బ ఎవరు కొట్టినను చప్పట్లు చరచుచు, సర్వీసు వేళకు నిశ్శబ్దమై పోవును. బ్రిటిష్ యువతి ఆడునపుడు మాత్రము సభ స్వభావమే మారును. ఆమె తొలి పాయింటు గెలిచినంతనే ఆవరణ మంతయు దద్దరిల్లును. ఆమె వరుసగా రెండు సర్వీసులను తప్పినచో వేలకొలది కంఠములనుండి ఒక్కటే నిట్టూర్పు వెడలును. కేకలకంటె ఆ నిట్టూర్పే భరింపరానిది. కేక ఆమెను ముందునకు రమ్మని పిలుచును. నిట్టూర్పు ఆమెపై తీర్పు చెప్పును.

ఈ నిట్టూర్పునకు ఒక చరిత్ర కలదు. వింబుల్డన్‌లో పురుషుల పోటీ 1877 లో ఆరంభము కాగా, స్త్రీల పోటీ 1884 లో మొదలయ్యెను. ఆ యేడు పోటీచేసినవారు 13 మంది మాత్రమే. తుదిపోటీలో అక్కచెల్లెండ్రే ఎదురెదురుగా నిలువగా, చెల్లెలు మాడ్ వాట్సన్ అక్క లిలియన్‌ను ఓడించి తొలి విజేత యయ్యెను. వారు ఒక గ్రామ మతాచార్యుని కుమార్తెలు. మూడేండ్ల పిమ్మట, 1887 లో, లాటీ డాడ్ అను బాలిక 15 ఏండ్ల 285 దినముల ప్రాయమున ఆ బహుమానము గెలిచెను. పెద్దస్త్రీలు నేలజీరాడు పావడాలతో పరుగెత్తలేక తడబడుచుండగా, బడిపిల్ల యగుటచే ఆమెకు కొంచెము పొట్టి దుస్తులు ధరించు స్వేచ్ఛ యుండెను. అయిదు పర్యాయములు విజేతయైన ఆ యువతి తరువాత గోల్ఫులో 1904 నందు బ్రిటిషు స్త్రీల విజేతగా నిలిచి, 1908 ఒలింపిక్ క్రీడలలో విలువిద్యకు రజతపతకమును గూడ పొందెను. ఛార్లెట్ కూపర్ 1900 లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో టెన్నిస్ గెలిచి, వ్యక్తిగత పోటీలో ఒలింపిక్ విజేతయైన మొదటి స్త్రీ యను కీర్తి గడించెను. యౌవనముననే ఆమెకు వినికిడి పోయెను. అయినను 1908 లో, 37 ఏండ్ల వయస్సున, ఆమె వింబుల్డన్‌ను అయిదవసారి గెలిచెను.

1884 మొదలు 1914 వరకు జరిగిన 31 పోటీలలో 29 బ్రిటిష్ దీవుల స్త్రీలకే దక్కెను. నేటి ప్రేక్షకుడు ఈ అంకెను చూచి, 'ఆ వైభవ మేమాయెను?' అని వగచును. కాని ఆ వైభవము ఎట్టిదో విచారించుట అవసరము. ఆనాడు ఆ ఆట ఆడినవారు కొద్దిమంది. ఇంటివెనుక పచ్చిక, తీరిక, ధనము గల కుటుంబముల స్త్రీలే అందు పాల్గొనిరి. పోటీకి వచ్చిన పరదేశీయులు మిక్కిలి తక్కువ. ఊరిచెరువులో తామొక్కరే ఈదువారికి ఎల్లప్పుడును మొదటి బహుమానమే వచ్చును. ఆ వరుసకు తొలుత అడ్డు తగిలినది 1905 లో అమెరికా పక్షమున ఆడిన మే సటన్. ఆమె పుట్టినదో, ఇంగ్లండులోని ప్లిమత్ పట్టణమున! చిన్ననాడే కుటుంబముతో కాలిఫోర్నియాకు తరలిపోయిన పిల్ల తిరిగివచ్చి పుట్టినదేశమునకే తొలి ఓటమి చూపెను. ఎవరు స్వదేశీయులు, ఎవరు పరదేశీయులు అను లెక్క క్రీడారంగమున ఎంత పలుచనిదో ఆనాడే తేటపడెను.

మొదటి ప్రపంచయుద్ధానంతరము 1919 లో జరిగిన తుదిపోటీని టెన్నిస్ చరిత్రకారులు నేటికిని తలచుకొందురు. ఒకవైపు డొరోథియా లాంబర్ట్ ఛేంబర్స్, అప్పటికే ఏడుసార్లు విజేత, నలుబదియేండ్ల గృహిణి. మరొకవైపు ఫ్రాన్సు దేశపు సుజాన్ లాంగ్లెన్, ఇరువది యేండ్ల యువతి. అయిదవ జార్జి చక్రవర్తియు మేరీరాణియు చూచుచుండగా ఆట 44 గేములు సాగెను. ఛేంబర్స్ విజయమునకు ఒక్క పాయింటు దూరమున రెండుమార్లు నిలిచి, రెండుమార్లును దానిని పోగొట్టుకొనెను. చివరకు 10-8, 4-6, 9-7 తో లాంగ్లెన్ గెలిచెను. ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. 1911 లో ఛేంబర్స్ తన ప్రత్యర్థికి ఒక్క గేమైనను ఈయక 6-0, 6-0 తో తుదిపోటీని గెలిచెను. ఆ గెలుపును తలచువారు నేడు కొలదిమంది. ఈ ఓటమిని తలచువారు అనేకులు. చూచువారి మనస్సున నిలుచునది సమఉజ్జీల పోరాటమే గాని ఫలితము గాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్య మేల?

అటుపిమ్మట ఆట లోకమంతట వ్యాపించెను. బ్రిటిష్ స్త్రీలకు విజయములు అరుదయ్యెను. 1924 లోను 1926 లోను కిటీ మెకేన్ గాడ్‌ఫ్రీ, 1934 లోను 1937 లోను డొరోతీ రౌండ్, 1961 లో ఏంజెలా మోర్టిమర్, 1969 లో ఆన్ జోన్స్, 1977 లో వర్జీనియా వేడ్: 1919 నుండి 2025 వరకు సింగిల్సు గెలిచినవారు ఈ అయిదుగురే. వీరిలో డొరోతీ రౌండ్ ఆదివారపు పాఠశాలలో బాలబాలికలకు బోధించు ఉపాధ్యాయిని. ఆదివారమున ఆడనని ఆమె నియమము పట్టెను. ఎంతటి పోటీకైనను ఆ నియమమును సడలింపలేదు. తనకు గెలుపుకంటె మిన్నయైనది మరియొకటి కలదని తెలిసిన ఆ ఉపాధ్యాయిని, 1937 తుదిపోటీ చివరి సెట్టులో 1-4 తో వెనుకబడియు ధైర్యము కోల్పోక గెలిచినదన్న ఆశ్చర్యము లేదు. ఆటయే సర్వస్వమని తలచినవారి చేయి వణకును. ఆట జీవితములో ఒక భాగమని ఎరిగినవారి చేయి నిలుకడగా నుండును.

1961 నాటి తుదిపోటీ ఈ విషయమున మరింత బోధకము. ఆ యేడు తుదిపోటీలో ఇరువురును బ్రిటిష్ స్త్రీలే. ఇరువది యేండ్ల క్రిస్టీన్ ట్రూమన్ పొడగరి, నవ్వుమోముది, ప్రేక్షకుల ముద్దుబిడ్డ. ఆమెకంటె తొమ్మిదేండ్లు పెద్దదైన ఏంజెలా మోర్టిమర్ మితభాషిణి, ఓపికతో ఆటను నిర్మించు స్వభావము గలది. ట్రూమన్ మొదటి సెట్టు గెలిచి, రెండవ సెట్టులోను ముందుండి, తడిసిన పచ్చికపై కాలుజారి పడెను. ఆ తరువాత ఆట తిరుగబడెను. మోర్టిమర్ 4-6, 6-4, 7-5 తో గెలిచెను. పడిన యువతిపై ప్రేక్షకులకు గల జాలి ఎంత గొప్పదో, గెలిచిన స్త్రీకి దక్కవలసిన మెప్పు అంత తగ్గెను. స్వదేశీయులు ఇద్దరుండగా ఒకరిని మాత్రమే తమదిగా చేసికొన్న ఆ సభ, దేశాభిమానమునకును ముచ్చటకును గల తేడాను మరచెను. మోర్టిమర్‌కు చెవులు సరిగా వినిపింపవు. ఆ లోపమే ఏకాగ్రతకు తోడ్పడెనని ఆమె చెప్పుకొనెను. ఛార్లెట్ కూపర్‌కును వినికిడి లేదు. చప్పట్లును నిట్టూర్పులును అందని చెవులు ఆ పచ్చికపై వరములైన వనినచో, ఆ చప్పట్లు చరచినవారు తమ చేతులను ఒకమారు చూచుకొనవలదా?

1977 వింబుల్డన్ పోటీలకు నూరవ సంవత్సరము. ఎలిజబెత్ రాణి సింహాసనము నధిష్ఠించిన రజతోత్సవ వత్సరము. వర్జీనియా వేడ్ అప్పటికి పదునైదు పర్యాయములు అచ్చట ఆడి విఫలురాలయ్యెను. 1968 లో అమెరికా బహుమానమును, 1972 లో ఆస్ట్రేలియా బహుమానమును గెలిచినను, స్వదేశమునకు వచ్చుసరికి ఆమె చేయి తడబడునని అందరు ననిరి. ఆ మాటను పదే పదే చెప్పిన నోళ్ళే ఆ తడబాటునకు కొంత కారణమని ఎవరు ననలేదు. ఆ యేడు ఆమె సెమీఫైనలులో క్రిస్ ఎవర్ట్‌ను, తుదిపోటీలో డచ్చి క్రీడాకారిణి బెట్టీ స్టోవ్‌ను 4-6, 6-3, 6-1 తో ఓడించెను. రాణి స్వయముగా పళ్ళెరమును అందించెను. సభ యంతయు గొంతెత్తి పాడెను. 32 వ జన్మదినమునకు తొమ్మిది దినములు ముందు ఆమెకు లభించిన ఆ విజయమును పదునారవ ప్రయత్నమున వచ్చిన ఫలమని చెప్పుటయే న్యాయము. పదునైదు ఓటములను చూచి పెదవి విరిచినవారు పదునారవ యేట ఆమె తమదే యనిరి. వారి ఆనందము నిజమైనదే. కాని పదునైదేండ్లు ఆమెతోడ నిలిచినది ఆమె యొక్కతెయే.

ఆ పిమ్మట నలుబది యేండ్లకు, 2017 లో, యోహానా కోంటా సెమీఫైనలును చేరెను. 1978 లో వేడ్ చేరిన తరువాత ఆ మెట్టు నెక్కిన బ్రిటిష్ స్త్రీ ఆమెయే. సిమోనా హాలెప్‌ను ఓడించి, వీనస్ విలియమ్స్ చేతిలో ఓడెను. ప్రపంచమున అత్యుత్తములైన నలుగురిలో ఒకతెగా నిలుచుట ఏ దేశమునకైనను పండుగయే కావలెను. ఆ పండుగను కొందరు మరియొక నిట్టూర్పుగా లెక్కించిరి. 2015 లో హెదర్ వాట్సన్ సెరీనా విలియమ్స్‌తో ఆడుచు, మూడవ సెట్టులో గెలుపునకు రెండు పాయింట్ల దూరము వరకు వచ్చి 7-5 తో ఓడిపోయెను. ఆ యేడు సెరీనాయే విజేత యయ్యెను. ఆ ఓటమిని ఒక తరగతి గదిలో పాఠముగా చెప్పదగును. బలవంతుని గుండెలో ఒక ఘడియ భయము పుట్టించుట సామాన్య విషయము గాదు.

2021 నాటి సంఘటన మరింత ఆలోచింపదగినది. కెనడాలో రుమేనియా తండ్రికి, చైనా తల్లికి జన్మించి ఇంగ్లండులో పెరిగిన ఎమ్మా రాడుకాను అప్పుడే పాఠశాల చదువు ముగించిన 18 ఏండ్ల పిల్ల. ప్రపంచ వరుసలో 338 వ స్థానమున నున్న ఆమెను నిర్వాహకులు ప్రత్యేకముగా ఆహ్వానించిరి. ఆమె మూడు ఆటలు గెలిచి నాలుగవ దానిలో, ఊపిరి యాడక, ఆట మధ్యలోనే విరమించుకొనెను. వారము దినములలో ఒక పాఠశాల బాలిక దేశమునకు ఆశాజ్యోతి యయ్యెను. ఒక్క సాయంకాలములో ఆమె మనోబలమును గూర్చి ప్రసారములలోను పత్రికలలోను తీర్పులు బయలుదేరెను. పట్టుమని పది వారములు గడువక మునుపే, సెప్టెంబరు 11 వ తేదీన, ఆమె న్యూయార్కులో అమెరికా బహుమానము గెలిచెను. అర్హత పోటీలతో కలిపి పది ఆటలలో ఒక్క సెట్టైనను ఓడలేదు. అర్హత పోటీలనుండి వచ్చి అట్టి మహాపోటీని గెలిచినవారు అంతకుముందు స్త్రీలలో గాని పురుషులలో గాని లేరు. జూలైలో బలహీనురాలన్నవారికి సెప్టెంబరులో మాట కరవయ్యెను. ఆ పిల్ల మనస్సు పది వారములలో మారినదనుటకంటె, తీర్పు చెప్పినవారు తొందరపడిరనుట సమంజసము.

ఇచట ఒక ఆక్షేపణ పుట్టవచ్చును. పక్షపాతము లేని ప్రేక్షకుడు రాతిబొమ్మ గాడా? తనవారు గెలువవలెనని కోరనిచో ఆ ఆటను చూచుటలో రుచి యేమున్నది? ఈ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. 2022 లో కేటీ బోల్టర్ తన అమ్మమ్మ మరణించిన రెండు మూడు దినములకే సెంటరు కోర్టులో, అంతకు ముందటి యేడు తుదిపోటీ వరకు వచ్చిన కరోలినా ప్లిస్కోవాను ఓడించి కన్నీటితో నిలుచున్నపుడు, ఆమె కన్నీటిని పంచుకొన్న ప్రేక్షకులు చెడ్డవారని ఎవ్వరు ననరు. తనవారిని ప్రేమించుట తప్పు గాదు. ప్రేమకు ఫలితమును షరతుగా పెట్టుటయే తప్పు. గెలిచినపుడు 'మనపిల్ల' యనియు, ఓడినపుడు 'ఆ పిల్ల' యనియు పలుకు నాలుకను గూర్చియే ఈ చర్చ.

పక్షపాతము న్యాయదృష్టిని కప్పివేయు ప్రమాదమును కలదు. వింబుల్డన్‌లో 2025 మొదలుగా గీతవద్ద నిలుచు న్యాయనిర్ణేతలను తొలగించి యంత్రములను నియమించిరి. ఆ యేడే బ్రిటిష్ క్రీడాకారిణి సోనే కార్టల్ నాలుగవ ఆటలో రష్యా దేశపు అనస్తాసియా పావ్లుచెంకోవాతో ఆడుచుండగా, కార్టల్ కొట్టిన బంతి గీత దాటి పడెను. యంత్రము పలుకలేదు. పొరపాటున దానిని ఆపివేసియుండిరని తరువాత తేలెను; నిర్వాహకులు క్షమాపణ చెప్పిరి. అప్పటికి పాయింటును మరల ఆడించగా పావ్లుచెంకోవా దానిని, ఆ గేమును కోల్పోయెను. తుదకు ఆట ఆమెయే గెలిచెను గాన గాయము మానెను. కాని అట్టి గడియలో ప్రేక్షకుని స్థితి యేమి? బంతి వెలుపల పడినదని కన్ను చెప్పుచుండగా, తనవారికి మేలయ్యెనని హృదయము సంతసించుచుండును. ఆ రెండింటిలో దేనిని నమ్మునో దానినిబట్టియే అతడు ఆటను చూచువాడో, జెండాను చూచువాడో తేలును.

ఇక విజేతలు అరుదగుటకు కారణములు ప్రేక్షకుడు అనుకొనునట్లు క్రీడాకారిణుల గుండెలలో మాత్రమే లేవు. గడ్డిపై ఆడు పోటీలు ఏడాదిలో కొన్ని వారములు మాత్రమే జరుగును. ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరించిన ఆ పచ్చికపై బంతి పైకి లేవక జారిపోవును. మోకాళ్ళు వంచి, చిన్న చిన్న అడుగులు వేయుచు ఆడవలెను. తక్కిన కాలమంతయు గట్టి నేలలపైనను, ఎర్రమట్టిపైనను గడచును. వాన విడువని దేశములో కప్పుగల కోర్టులు చాలవు. ఆ ఆట చిరకాలము సభ్యత్వ రుసుము చెల్లింపగల వారి క్లబ్బులకే పరిమితమైయుండెను. ఉద్యానవనములలో పాడుపడిన కోర్టులను బాగుచేయుటకు ప్రభుత్వము 2021 లో 2 కోట్ల 20 లక్షల పౌండ్లను ప్రకటించెను. ఇట్టి పనులవలన ఫలితము రావలెనన్నచో కాలము పట్టును. ఏబది వారములు ఆ కోర్టులవైపు కన్నెత్తి చూడక, రెండు వారములు మాత్రము విజయమును కోరువాడు, విత్తనము చల్లక కోతకు కొడవలి పట్టినవాని వంటివాడు.

తెలుగువారికి ఈ పాఠము దూరమైనది గాదు. హైదరాబాదు యువతి సానియా మీర్జా ఆ పచ్చికపైననే 2003 లో బాలికల డబుల్సును, 2015 లో మార్టినా హింగిస్‌తో కలిసి స్త్రీల డబుల్సును గెలిచెను. ఈ రెంటికి నడుమ పండ్రెండేండ్ల దూరము కలదు. ఆ పండ్రెండేండ్లలో ఆమె ఓడిన దినములలో ఆమెను గూర్చి ఇచట పలికిన మాటలను జ్ఞప్తికి తెచ్చుకొన్నవారు ఇంగ్లండు ప్రేక్షకుని నిందించుటకు ముందు కొంచెము తటపటాయింతురు. అంతకంటె దగ్గరి ఉదాహరణము ప్రతి బడిలోను కలదు. పరీక్ష ఫలితములు వెలువడిన ఉదయమున, మార్కులు తగ్గిన పిల్ల ఇంట అడుగిడగానే వినవచ్చు నిట్టూర్పు సెంటరు కోర్టు నిట్టూర్పునకు చెల్లెలే. 'నీమీద ఎన్ని ఆశలు పెట్టుకొంటిమి!' అను మాటలో ప్రేమ కలదు. కాని ఆ ప్రేమ పిల్ల చేతికి ఊతకర్రగా అందుటకు మారుగా తలపై మూటగా పడును. ఆ మూట దించుట ఉపాధ్యాయుని పని. తోటివాని తలపై అట్టి మూట పెట్టకుండుట విద్యార్థుల పని.

సెంటరు కోర్టులోనికి క్రీడాకారులు ప్రవేశించు ద్వారముపై కిప్లింగు పద్యపాదములు రెండు వ్రాయబడి యున్నవి. గెలుపును ఓటమిని ఒకే తీరున ఎదుర్కొనవలెనని వాని భావము. ఆటకు బయలుదేరు ప్రతి యువతియు వానిక్రింద నడచిపోవును. ప్రేక్షకులు ఆ ద్వారమున ప్రవేశింపరు గాన వానిని చదువు నవసరము వారికి కలుగదు. నిజమునకు ఆ బోధ ఆడువారికంటె చూచువారికే ఎక్కువ అవసరము. ఆడునది తన శక్తికొలది శ్రమించి చెమటోడ్చి ఓడును. ఆమె కింకొక ఉపదేశ మక్కరలేదు. కూర్చుండి చూచినవాడు, ఆట ముగిసినపిమ్మట లేచి నిలిచి, గెలిచిన పరదేశినికి మనసార చప్పట్లు చరచి, తలవంచి సంచి సర్దుకొనుచున్న తన దేశపు యువతికి అంతకు తక్కువగాని చప్పట్లతో వీడ్కోలు పలుకగలిగిన దినమున, ఆ పచ్చికపై ఆటను చూచు విద్య పూర్ణమైనదని చెప్పవచ్చును. అట్టి సభ ఎదుట ఆడు పిల్ల మరుసటి యేడు మరికొంత తేలికచేతితో సర్వీసు చేయును.